తాళం ఏ కంపెనీదైనా... తాళంచెవి మన కొంగునే ఉండాలి!

మిక్సీ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. మోటారు ఎన్ని వాట్లు, జార్లు ఎన్ని, గ్యారంటీ ఎన్నేళ్లు... అన్నీ అడిగాకే డబ్బు తీస్తాం. ఫ్రిజ్‌కి స్టార్లు లెక్కపెడతాం. కుక్కర్‌కి గాస్కెట్ మన ఊళ్లో దొరుకుతుందో లేదో ముందే కనుక్కుంటాం. అదే ఇంట్లోకి కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం "నాకేం తెలుస్తుంది, మీరే చూడండి" అని పక్కకు తప్పుకుంటాం.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇవాళ ఆ కంప్యూటర్లో ఏమున్నాయి? బ్యాంకు లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల నకళ్లు, అమ్మాయి పెళ్లి ఫోటోలు, లేని పెద్దవాళ్ల జ్ఞాపకాలు. అంటే ఒకప్పుడు బీరువాలో దాచుకున్నవన్నీ ఇప్పుడు అందులో ఉన్నాయి. మరి బీరువా తాళం మంచిదా కాదా, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని పట్టించుకునే మనం, దీని సంగతి ఎందుకు పట్టించుకోం?

మా ఇంట్లో అయితే ఈ తాళం గురించి వాదన రోజూ ఉండేదే. మావారు ఇరవై ఏళ్లుగా విండోస్ మీద పనిచేస్తున్న మనిషి. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి లినక్స్ అంటే చెవి కోసుకుంటాడు. "డబ్బు పెట్టి కొన్నదానికైతే ఒక దిక్కుంటుంది. ఊరికే వచ్చినదానికి రేపేదైనా అయితే ఎవర్ని అడుగుతావురా?" అని ఆయన. "వైరస్‌లన్నీ మీ విండోస్‌కే కదా నాన్నా వచ్చేది!" అని వాడు. పప్పన్నం దగ్గర మొదలైతే పెరుగన్నం దాకా సాగుతుంది. వింటున్న నాకు ఒక సందేహం పట్టుకుంది. ఇద్దరూ తాళం గురించే మాట్లాడుతున్నారు, తాళంచెవి మాట ఎవరూ ఎత్తరేం?

ఆ సందేహం తీర్చుకోవడానికి నేను చదివినవీ, తెలిసినవాళ్లను అడిగినవీ, స్వయంగా చేసి చూసినవీ మీ ముందు పెడుతున్నాను.

అసలు ఈ రెండూ ఏమిటి?

కంప్యూటర్ ఆన్ చేయగానే పలకరించి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ పని పురమాయించేదే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటికి పెద్ద దిక్కు లాంటిదన్నమాట. ఆ దిక్కు సరిగ్గా ఉంటే మిగతా అంతా సజావుగా సాగుతుంది.

విండోస్ అమెరికాలోని మైక్రోసాఫ్ట్ కంపెనీది. 1985 నవంబరులో మొదటిసారి బజారులోకి వచ్చింది. దీన్ని వాడాలంటే లైసెన్సు కొనాలి. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిందంటే దాని ధర ల్యాప్‌టాప్ ధరలోనే కలిసి ఉంటుంది.

లినక్స్ కథ వేరు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు సరదాగా మొదలుపెట్టాడు. దాన్ని అందరికీ పంచిపెట్టాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా పంచుకునేదై ఉండాలి’ అంటూ గ్నూ అనే ఉద్యమం ప్రకటించాడు. ఈ రెండు కృషులూ కలిస్తే ఇవాళ మనం చూసే లినక్స్ తయారైంది. ఉబుంటు, మింట్, ఫెడోరా అని రకరకాల పేర్లతో వస్తుంది. పులిహోర ఒకటే, ఇంటింటికీ పోపు వేరన్నమాట!

తేడా ఏమిటంటే, విండోస్ బజార్లో కొన్న ఆవకాయ సీసా లాంటిది. ఏమేం కలిపారో కంపెనీవాళ్లు చెప్పినంతే తెలుస్తుంది. లినక్స్ పాళ్లన్నీ కాగితం మీద రాసిచ్చిన ఆవకాయ. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటికి పంచొచ్చు.

దొంగలు ఎటు వెళ్తారు?

"లినక్స్‌కి వైరస్ రాదు" అనే మాట మీరూ వినే ఉంటారు. ఇందులో కొంత నిజముంది, కొంత మాత్రమే!

జేబుదొంగ ఎక్కడ తిరుగుతాడు? సంతలో, తిరనాళ్లలో. ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఉండే కంప్యూటర్లలో విండోసే ఎక్కువ. కాబట్టి వైరస్ రాసేవాడు దానికే రాస్తాడు. అంతమాత్రాన లినక్స్ జోలికి ఎవరూ రారని కాదు. ఇంటర్నెట్‌ని నడిపించే పెద్ద పెద్ద సర్వర్లలో చాలా భాగం లినక్స్ మీదే నడుస్తాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్‌వే. అక్కడ సొత్తు ఉంది కాబట్టి అక్కడికీ దొంగలు వస్తున్నారు.

కట్టుబాటులో కూడా తేడా ఉంది. లినక్స్‌లో ఏదైనా ముఖ్యమైన మార్పు చేయాలంటే మొదటినుంచీ యజమాని పాస్‌వర్డ్ అడగడం ఆనవాయితీ. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో చాలా ఇళ్లల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ యజమానులే! 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటినుంచి విండోస్ కూడా "ఈ మార్పు చేయమంటారా?" అని అడగడం నేర్చుకుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి యాంటీవైరస్ అందులోనే కలిపి ఇస్తున్నారు. కాబట్టి పాత విండోస్‌ని చూసి ఇప్పటి విండోస్‌ని తిట్టిపోయడం న్యాయం కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

మరి ఇన్ని కాపలాలు ఉన్నా దొంగతనాలు ఎందుకు జరుగుతున్నాయి? 2017లో జరిగిన సంగతి వింటే మీకే అర్థమవుతుంది. ఆ ఏడాది మే 12న ‘వన్నాక్రై’ అనే పీడ ప్రపంచం మీద పడింది. విండోస్‌లోని ఒక లోపం గుండా దూరి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి, విడిపించాలంటే 300 డాలర్లు ఇవ్వమని అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు వంటి జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

ఆశ్చర్యమేమిటంటే, ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ‘తర్వాత చూద్దాంలే’ అనుకున్నవాళ్లు చిక్కుకున్నారు. మందు అలమరలో ఉంటే జ్వరం తగ్గుతుందా?

ఐదొందల విండోస్

ఇప్పుడు మా కాలనీలో జరిగిన ముచ్చట చెబుతాను. ముచ్చట అన్నానే గానీ, ఆవిడకు అది ముచ్చట కాదు.

ఆవిడ ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తుంది. వాయిదాల పద్ధతి మీద ఇస్తుంది కాబట్టి ఎవరు ఎంత కట్టారు, ఎంత బాకీ అన్న లెక్కలన్నీ కంప్యూటర్లోనే. అది నెమ్మదించిందని ఒక షాపులో ఇస్తే, 500 రూపాయలకే ‘కొత్త విండోస్’ వేసి ఇచ్చారు. బిల్లు లేదు, లైసెన్సు లేదు. అది దొంగ కాపీ. అసలైనదిగా చూపించడానికి ఒక దొంగ ప్రోగ్రాము వేశారు. ఆ ప్రోగ్రాము పనిచేయాలంటే యాంటీవైరస్ అడ్డు అని దాన్ని ఆపేశారు. అంటే తాళం బాగుచేయమని ఇస్తే, తలుపే ఊడదీసి పెట్టారన్నమాట!

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరోజు బంధువుల పిల్లాడెవరో చీరల ఫోటోలు మెరుగుపరచడానికి ఒక ఖరీదైన ప్రోగ్రామును ‘ఫ్రీగా’ దింపాడు. మర్నాటికి ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో తోకలు. ఏదీ తెరుచుకోదు. పక్కనే ఇంగ్లిష్‌లో ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలట. మూడు రోజుల్లోపు కడితే సగం ధర తగ్గింపట. ఆషాఢం సేల్‌లాగా! ఇలా దొంగ కాపీల వెంట వచ్చే ‘స్టాప్’ అనే రకం ప్రోగ్రాము ఎంతోమందిని ఇలాగే ముంచిందని తర్వాత తెలిసింది.

"అక్కా, చీరల ఫోటోలు పోతే మళ్లీ తీసుకుంటాను. బాకీల లెక్క ఎక్కణ్నుంచి తెచ్చుకోను?" అంది ఆవిడ. నా దగ్గర సమాధానం లేదు. షాపుకి వెళ్లి అడిగితే "మేం వేసినప్పుడు బాగానే ఉంది కదమ్మా" అన్నారు. పాత నోటుపుస్తకంలో కొంత, గుర్తున్నది కొంత కలిపి లెక్క మళ్లీ రాసుకుంది. కొందరు తమంతట తామే వచ్చి బాకీ చెప్పారు. కొందరు చెప్పలేదు.

ఇందులో తప్పు విండోస్‌దా? అసలైన విండోస్ అయితే, దాని యాంటీవైరస్ పనిచేస్తూ ఉంటే, ఆ దొంగ ప్రోగ్రామును అడ్డుకునే అవకాశం చాలా ఉండేది. అదే లినక్స్ అయితే? విండోస్ కోసం రాసిన ఆ ప్రోగ్రాము అందులో నడిచేదే కాదు. కానీ ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాముకి మనమే పాస్‌వర్డ్ కొట్టి తలుపు తీస్తే లినక్స్ మాత్రం ఏం చేస్తుంది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

‘డబ్బు పెట్టి కొంటే దిక్కుంటుంది’ అనే మావారి మాట కూడా నేను కొంచెం తరచి చూశాను. విండోస్ లైసెన్సు ఒప్పందం ఎప్పుడైనా చదివారా? ఎవరూ చదవరు లెండి. నష్టం జరిగితే పరిహారం మనం ఆ సాఫ్ట్‌వేర్‌కి కట్టిన సొమ్ముకు మించదని అందులో రాసి ఉంటుంది. లినక్స్ ఒప్పందంలో అయితే అసలు ఏ గ్యారంటీ లేదనే ఉంటుంది. అంటే డబ్బు కట్టినా కట్టకపోయినా పోయిన లెక్కలు ఎవరూ తెచ్చివ్వరు. డబ్బు కడితే వచ్చేది లోపాలు సరిచేసే అప్‌డేట్లు, అవసరమైతే అడగడానికి ఒక చోటు. అవి చిన్న విషయాలని కాదు. కానీ కాపలా బాధ్యత మాత్రం మనదే.

ఉచితం వెనక ఎవరి కష్టం?

ఇక మా అబ్బాయి వాదన. "అందరూ చూడగలరు కాబట్టి లినక్స్‌లో తప్పులు దాగవు" అంటాడు. చూడగలగడం వేరు, చూడడం వేరు కదా!

ఇంటర్నెట్‌లో మన పాస్‌వర్డ్‌లూ, కార్డు నంబర్లూ భద్రంగా వెళ్లడానికి ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతారు. 2012లో అందులో దొర్లిన ఒక పొరపాటు 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. దానికి ‘హార్ట్‌బ్లీడ్’ అని పేరు పెట్టారు. రెండేళ్లపాటు అందరి కళ్లముందే ఉంది, ఎవరూ చూడలేదు. పాళ్లు పదిమందికీ పంచాం కదా అని ఒక్కరూ రుచి చూడని వంటలా అయింది. తీరా ఆరా తీస్తే, ప్రపంచమంతా ఆధారపడిన ఆ సాఫ్ట్‌వేర్‌ను కొద్దిమందే చూసుకుంటున్నారు. ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2000 డాలర్లు!

2024లో జరిగింది ఇంకా విచిత్రం. లినక్స్‌లో ఫైళ్లను కుదించడానికి వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్రోగ్రామును ఒకే ఒక్కాయన తీరిక వేళల్లో, జీతం లేకుండా చూసుకుంటూ ఉండేవాడు. అలసిపోయి ఉన్న ఆయనకు ఒక అజ్ఞాత వ్యక్తి సాయానికి వచ్చాడు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించాడు. చివరికి అందులో ఒక దొంగదారి పెట్టాడు. మార్చి 29న అది బయటపడింది. ఎవరివల్ల? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వల్ల. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూ పోతే బండారం బయటపడింది. ఆయన ఉద్యోగం చేసేది ఎక్కడో తెలుసా? మైక్రోసాఫ్ట్‌లో! ఈ సంగతి చెప్పిన రోజు మా ఇంట్లో తండ్రీకొడుకులిద్దరూ కాసేపు మాట్లాడలేదు.

పాళ్లు అందరికీ అందుబాటులో ఉండబట్టే ఆయన తవ్వగలిగాడన్నది కూడా నిజమే. అది లినక్స్ గొప్పతనం. కానీ ఉచితంగా వచ్చేదాని వెనక ఎవరో ఒకరి నిద్రలేని రాత్రులు ఉంటాయి. పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా జీతం లేని చాకిరీ చేసే మనకు ఈ మాట ఎవరైనా విడమర్చి చెప్పాలా?

నేను చేసి చూశాను

2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు రక్షణ అప్‌డేట్లు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మాత్రం చేసింది. విండోస్ 11కి మారదామంటే దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంచెం కొత్త ప్రాసెసర్ ఉండాలి. దాదాపు 2018కి ముందు కొన్న చాలా కంప్యూటర్లకు ఆ అర్హత లేదు. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ పరిస్థితి అదే. బాగా పనిచేస్తున్న వస్తువును పారేయడానికి నాకు మనసొప్పలేదు.

అందుకని అందులో లినక్స్ మింట్ వేసి చూశాను. ఇందులో ఒక సౌకర్యం ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, లోపలున్నదేదీ కదపకుండా అక్కణ్నుంచే నడిపి చూడొచ్చు. నచ్చితేనే లోపల వేసుకోవచ్చు. చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు! నేను నాలుగు రోజులు అలా చూశాకే వేయించుకున్నాను. ముందుగా ఫైళ్లన్నీ వేరే చోట దాచుకున్నాను సుమా.

ఏం బాగుందంటే, ఆ ల్యాప్‌టాప్ తేలిగ్గా నడుస్తోంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు లిబ్రే ఆఫీస్‌లో చేసుకుంటున్నాను. అదీ ఉచితమే. తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు. కావలసిన ప్రోగ్రాములన్నీ దాని సొంత కొట్టులోనే దొరుకుతాయి కాబట్టి రోడ్డుపక్క సరుకు ఏరుకోవాల్సిన పనిలేదు. పైసా ఖర్చు కాలేదు.

ఏం బాగా లేదంటే, పాత ప్రింటరు మాట వినడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మా వీధిలో రిపేరు చేసే అబ్బాయికి లినక్స్ తెలియదు. వ్యాపారంలో టాలీ వాడేవాళ్లకు కష్టం, అది విండోస్ కోసమే తయారైంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ పని చేసుకుంటూ ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు మన ఊళ్లల్లో ఎందరో ఉన్నారు. వాళ్లను విండోస్ వదిలేయమనడం అంటే కుట్టుమిషను వదిలేసి సూదీదారంతో కుట్టమన్నట్టే. కాబట్టి ఉచితం అన్నంతమాత్రాన ఖర్చు లేదనుకోవద్దు. డబ్బు బదులు మన సమయం ఖర్చవుతుంది. మన సమయానికి విలువ లేదని ఎవరన్నారు?

అదీగాక లినక్స్‌కీ గడువు తేదీ ఉంటుంది. ఉబుంటులో ఎక్కువకాలం నడిచే రకానికి మామూలుగా ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. ఆ తర్వాత కొత్తదానికి మారాలి. వేసుకునేటప్పుడు కూడా అసలు చోటు నుంచే దింపుకోవాలి. 2016 ఫిబ్రవరి 20న దుండగులు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, దింపుకునే లంకెను దొంగ కాపీ వైపు మళ్లించారు. కాబట్టి దింపుకున్నది సరైనదేనా అని సరిచూసుకోవడం మంచిది.

కేరళ రాష్ట్రాన్ని చూడండి. ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ చదువు చెబుతున్నారు. ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని తయారుచేయడమే కాదు, టీచర్లకు దానిమీద శిక్షణ ఇస్తుంది. అదే జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించుకుని, దాదాపు 15 వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. అందరికీ ఒకే చీర నప్పదు. నేర్పేవాళ్లు, సాయపడేవాళ్లు పక్కన ఉన్నారా లేదా అన్నది చూసుకోవాలి. మన తెలుగులో కూడా ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్లు తెలుగు లినక్స్ తయారుచేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో ‘బాస్’ అనే లినక్స్‌ను భారతీయ భాషల కోసం తెచ్చింది.

మన చేతిలోనే ఉంది లినక్స్!

"మాకు కంప్యూటర్ లేదు, ఇదంతా మాకెందుకు?" అంటారా? మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే అయితే, మీరూ లినక్స్ వాడుతున్నట్టే. ఆండ్రాయిడ్‌కి పునాది లినక్సే. మరి లినక్స్ ఉన్నచోట మోసం జరగకూడదు కదా? పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ‘ఏపీకే’ ఫైళ్లను నొక్కి బ్యాంకులో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు రోజూ చూస్తూనే ఉన్నాం. అక్కడ తాళం పగలలేదు. "తెలియని చోటు నుంచి వచ్చింది, వేయమంటారా?" అని ఫోను అడిగింది. మనం "సరే" అన్నాం. మెసేజీలు చదవడానికి అనుమతి కావాలంది. దానికీ "సరే" అన్నాం. ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్లాయి.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి, మీ తెర మాకు కనిపిస్తే సాయం చేస్తాం" అనే ఫోన్‌కాల్ సంగతీ అంతే. విండోస్ అయినా లినక్స్ అయినా, అతిథిని మనమే లోపలికి పిలిస్తే కుక్క మొరగదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇదీ నేను మొదట్నుంచీ అడుగుతున్న ప్రశ్న. ఇంట్లో కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అని ఒకటి ఉంటుంది. అదే యజమాని తాళంచెవి. అది మీకు తెలుసా? నేను పరిచయస్తుల్లో పదిమందిని అడిగితే ఎక్కువమంది "మావారికి తెలుసు", "పిల్లలకు తెలుసు", "షాపువాడు పెట్టాడు" అన్నారు. బీరువా తాళంచెవి షాపువాడి దగ్గర వదిలేసి వస్తామా?

మీ లెక్కలు, మీ ఫోటోలు, మీ సంపాదన వివరాలు అందులో ఉన్నప్పుడు ఆ తాళంచెవి మీ దగ్గరా ఉండాలి. మగవాళ్ల మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు, పిల్లాడు హాస్టల్లో ఉన్నప్పుడు కంప్యూటర్ ఏదో అడిగితే ‘సరే’ అనాలో ‘వద్దు’ అనాలో తేల్చుకోవలసింది అప్పుడు ఇంట్లో ఉన్న మీరే కదా!

ఇవి గుర్తుంచుకోండి

* యజమాని పాస్‌వర్డ్‌తో ఒక ఖాతా, రోజువారీ వాడకానికి, పిల్లలకు మామూలు ఖాతా పెట్టుకోండి. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ఈ సదుపాయం ఉంది.

* అప్‌డేట్ అడిగితే ‘తర్వాత’ అనకండి. వంట పూర్తయ్యాక వేసుకోండి, కానీ ఆ రోజే వేసుకోండి.

* మీ కంప్యూటర్లో ఏ విండోస్ ఉంది, ఏ లినక్స్ ఉంది, దానికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి.

* దొంగ కాపీ వద్దు. లైసెన్సు కొనగలిగితే కొనండి. లేదంటే ధైర్యంగా లినక్స్ వేసుకోండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్న ‘ఐదొందల విండోస్’ అన్నిటికన్నా ఖరీదైనది.

* రిపేరుకి ఇచ్చేటప్పుడు ఏమేం వేస్తారో అడగండి. బిల్లు అడగండి. తిరిగి తెచ్చుకున్నాక యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడండి, పాస్‌వర్డ్ మార్చేయండి.

* ముఖ్యమైన ఫైళ్లను నెలకోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి గానీ పెన్‌డ్రైవ్‌లోకి గానీ నకలు తీసి, దాన్ని కంప్యూటర్‌నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దొంగ దానికీ తాళం వేస్తాడు.

* డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

విండోసా, లినక్సా అని నన్నడిగితే, మీరు ఏది శుభ్రంగా చూసుకోగలరో అదే మీకు మంచిది అంటాను. డీటీపీ, టాలీ మీద బతుకు ఉన్నవాళ్లు అసలైన విండోస్ పెట్టుకోండి, ఆ ఖర్చును వ్యాపారం పెట్టుబడిలో కలపండి. ఉత్తరాలు, పిల్లల చదువులు, ఇంటర్నెట్ వరకే అయితే లినక్స్‌ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లో నడిపి చూడండి, పోయేదేముంది? పాత కంప్యూటర్‌కి మరో నాలుగేళ్లు ఆయుష్షు పోసినవారవుతారు.

ఏది పెట్టుకున్నా ఈ రాత్రి ఒక పని మాత్రం చేయండి. భోజనాలయ్యాక "మన కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?" అని ఇంట్లో అడగండి. "నీకెందుకు?" అన్న సమాధానం వస్తే, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో గుర్తు చేయండి!